ఉత్తర కుమారుడు

మహాభారతం విరాట పర్వంలోని హాస్య పాత్ర. మత్స్య దేశాధిపతి విరాటుని కొడుకు. 13వ శతాబ్దంలో తిక్కన ఈ పర్వాన్ని తెలుగు చేశాడు. కౌరవులు ఆలమందలను పట్టుకున్నప్పుడు, సారథి ఉంటే చాలు, వారందరినీ ఓడిస్తానని ఇతడు అంతఃపురంలో ప్రగల్భాలు పలుకుతాడు. తీరా కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెడతాడు. సారథిగా వచ్చిన బృహన్నల, అంటే మారువేషంలోని అర్జునుడు, అతణ్ణి పట్టి తెచ్చి, సారథ్యం అప్పగించి తానే యుద్ధం గెలుస్తాడు.

‘నర్తనశాల’ (1963) చిత్రంలో ఈ పాత్రను రేలంగి పోషించాడు. ఉత్తర కుమార ప్రగల్భాలు అనే మాట వాడుకలో స్థిరపడింది.

16వ శతాబ్దపు ఇటలీ ప్రహసనాల్లోని కపితానో కూడా ఇలాంటి బడాయికోరు పిరికివాడే. అయితే ఉత్తరుడు తర్వాత మారాడు. కురుక్షేత్రంలో శల్యునితో పోరాడి మరణించాడు.