బాయిలోని వాయువు, గొట్టములోని వాయువు

గోదావరిఖని ప్రాంతమున బొగ్గుగనిని ‘బాయి’ అందురు. బాయిలో దిగువానికి రెండు భయములు: పైకప్పు కూలుట యొకటి, మండు వాయువు రెండవది. బొగ్గుపొరలలో దాగియుండు ఈ మీథేనుకు రంగు లేదు, వాసన లేదు. గాలిలో 5 మొదలు 15 శాతము వరకు కలిసినచో నిప్పురవ్వ సోకినంతనే ప్రేలును. 1815లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ సన్నని తీగవలతో రక్షణదీపమును నిర్మించినది దీనికి వెరచియే. వాయువు 1.25 శాతమును మించినచో మనుష్యులను వెలుపలికి పంపవలెనని మన 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు శాసించినవి. పంకాలు వాయువును పైకి తోసివేసినవి. మనిషి బ్రతికెను, వాయువు ఆకసమున కలిసెను. చాలకాలము దాని వెల నెవరును అడుగలేదు.

ఆ వాయువే మరియొక దారిన రామగుండమునకు వచ్చినది. ఇచ్చట బొగ్గునుండి యూరియా చేయు కర్మాగారము 1980లో ఉత్పత్తి మొదలిడి, 1999లో మూతపడెను. దాని స్థానమున వెలసిన కొత్త కర్మాగారము 2021 నుండి సహజవాయువుతో నడచుచున్నది. గొట్టపుమార్గమున ఆ వాయువు చేరుచున్నది. సహజవాయువన ముఖ్యముగా మీథేనే. బాయి తరిమివేసినదానిని కర్మాగారము వెలయిచ్చి కొనుచున్నది.

వెలగల వస్తువును ఎవరు పారబోయుదురని అడుగవచ్చును. ఏ దేశపు గొట్టపుమార్గమునందైనను కవాటముల అతుకులు, కంప్రెసర్ల సీళ్లు కొద్దికొద్దిగా కారుచుండును. వాయువు ఒత్తిడితోనే కవాటములను త్రిప్పు పాతరకపు పరికరములు ప్రతి కదలికకును కొంత విడుచును. మార్చుటకగు ఖర్చు మిగులు వాయువు వెలకన్న హెచ్చైనచోట యజమాని ఊరకుండును. నష్టము మాత్రము లోకమంతటిది. నూరేండ్ల లెక్కలో మీథేను బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 28 రెట్లు భూమిని వేడిచేయును. ఈ వ్యత్యాసమును పూడ్చుటకే ఆర్థిక ప్రోత్సాహకములు పుట్టినవి.

1997 నాటి క్యోటో ఒప్పందము, ఉద్గారములను తగ్గించు పథకములకు వర్ధమానదేశములలో విక్రయింపదగిన పత్రములను కల్పించెను. గొట్టపుమార్గముల కారుడును అరికట్టుటకును అందు చోటు కలిగెను. 2012 ప్రాంతమున ఆ పత్రముల ధర కుప్పకూలెను. మితిమీరిన మీథేనుపై టన్నుకు 900 డాలర్లతో మొదలగు రుసుమును అమెరికా 2022లో శాసించి, 2025లో దానిని 2034కు వాయిదా వేసెను. మన ప్రభుత్వము 2023లో కార్బన్ క్రెడిట్ల వాణిజ్య పథకమును ప్రకటించినది.

ప్రోత్సాహకము మంచిదే యని మేమును తలచుచున్నాము. కాని ధర పడిన నాడు బాగుచేయు చేయియు ఆగిపోవచ్చును. కార్మికుని ప్రాణమును మనము సంతబేరమునకు విడువలేదు. మైనింగు సర్దారు వాయువును పరీక్షించి పుస్తకమున వ్రాయుచున్నాడు. గొట్టపుమార్గమునకును ముందుగా అట్టి పుస్తకమే కావలెను. వెల ఎంతయన్నది ఆ తరువాతి మాట.