కామెర్ల రంగుకు రెండో చరిత్ర

కాలం తీరిన ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పసుపు వర్ణకమైన బిలిరుబిన్‌ను వైద్యశాస్త్రం శతాబ్దానికి పైగా విసర్జించవలసిన మలినంగానే పరిగణించింది. పాత రక్తస్రావాల చోట కనిపించే స్ఫటికాలు రక్తం నుంచే పుట్టాయని, పైత్యరసంలోని రంగును పోలి ఉన్నాయని 1847లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో గుర్తించగా, ఆ పైత్య వర్ణకానికి 1864లో ష్టేడెలర్ బిలిరుబిన్ అని పేరు పెట్టారు. 1916లో వాన్ డెన్ బెర్గ్, ముల్లర్ చేసిన రసాయన పరీక్షలో ఆల్కహాల్ కలపకుండానే రంగు చూపేది, కలిపితేనే చూపేది అని ఈ వర్ణకం రెండు రకాలుగా తేలింది. మొదటిది కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్ని చేర్చి నీటిలో కరిగేలా మార్చినదని తెలియడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

కొలత చేతికి వచ్చినా ప్రశ్న మాత్రం ఒక వైపే నడిచింది. కామెర్ల రోగిలో ఇది ఎంత పెరిగిందన్నదే వైద్యుని ఆందోళన. పసికందులలో మితిమీరితే మెదడునే దెబ్బతీస్తుంది కనుక ఆ ఆందోళన న్యాయమైనదే గానీ, తక్కువైతే ఏమవుతుందని అడిగే అవసరం దాదాపు ఎవరికీ కలగలేదు. 1901లో పారిస్ వైద్యుడు అగస్టిన్ జిల్బేర్, ఆయన సహచరుడు లెరబుల్లె వర్ణించిన స్థితి, అంటే కాలేయ వ్యాధి ఏదీ లేకుండానే కొన్ని కుటుంబాలలో బిలిరుబిన్ పుట్టుకతో కాస్త ఎక్కువగా ఉండే జిల్బేర్ సిండ్రోమ్, చాలాకాలం హానిలేని వింతగానే మిగిలిపోయింది.

ఈ దృష్టి మారడానికి మరొక భావన పుట్టవలసి వచ్చింది. కణాలలో తయారయ్యే చురుకైన ఆక్సిజన్ రూపాలు శరీరపు రక్షణశక్తిని మించిపోయే స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. 1985లో హెల్ముట్ సీస్ సంపాదకత్వంలో వచ్చిన గ్రంథంతో ఆ మాట శాస్త్రరంగంలో స్థిరపడింది. రెండేళ్లకే, 1987లో, రోలాండ్ స్టాకర్, బ్రూస్ ఏమ్స్ తదితరులు బిలిరుబిన్ అత్యల్ప మోతాదులోనే కొవ్వులను పాడుచేసే పెరాక్సిల్ రాడికల్స్‌ను అణచివేస్తుందని, ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట విటమిన్ ఇ కంటే మెరుగ్గా పనిచేస్తుందని పరీక్షనాళికలో చూపారు.

మధుమేహంలో అధిక గ్లూకోజ్ వల్ల మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ పెరిగి రక్తనాళాలను దెబ్బతీస్తుందని 2001లో మైఖేల్ బ్రౌన్లీ ప్రతిపాదించడంతో బిలిరుబిన్ పరిశోధన, మధుమేహ పరిశోధన అనే రెండు దారులూ కలిశాయి. జిల్బేర్ సిండ్రోమ్ ఉన్న మధుమేహ రోగులలో కంటి, మూత్రపిండ, గుండె రక్తనాళాల సమస్యలు తక్కువగా ఉన్నాయని 2007లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. అయితే రెండు విషయాలు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము. ఊబకాయం, కాలేయంలో చేరే కొవ్వు వంటివి రెండింటినీ ప్రభావితం చేసి ఉండవచ్చు. ఆ సందేహాన్ని సూటిగా పరీక్షించే ప్రయత్నం 2011లో నెదర్లాండ్స్‌లో జరిగింది: కాలేయంలో బిలిరుబిన్‌ను మార్చే ఎంజైమును అడ్డుకుని కళ్లు పచ్చబడేలా చేసే, సాధారణంగా దుష్ప్రభావంగా లెక్కించే గుణమున్న అటాజనవిర్ అనే హెచ్‌ఐవీ మందును టైప్-2 మధుమేహ రోగులకు కొద్ది రోజులు ఇచ్చి చూడగా, వారి రక్తనాళాల లోపలి పొర పనితీరు మెరుగైంది.