పుపూసా: పూర్ణపు మొక్కజొన్న రొట్టె – పోషక విలువలు

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశంలో మొక్కజొన్న పిండితో చేసే పూర్ణపు రొట్టెకు పుపూసా అని పేరు. పొరుగునున్న హోండూరస్‌లోనూ ఇది వాడుకలో ఉన్నది. పిండిముద్దను అరచేతిలో గిన్నెవలె ఒత్తి, పూర్ణం పెట్టి, అంచులు మూసి, తట్టి, పెనంపై కాలుస్తారు. చేసే తీరు తెలుగువారి బొబ్బట్టును తలపించినా ఇది తీపి వంటకం కాదు. 2005లో ఆ దేశ శాసనసభ దీనిని జాతీయ వంటకంగా ప్రకటించి, ఏటా నవంబరు రెండవ ఆదివారాన్ని పుపూసా దినంగా నిర్ణయించింది.

పిండి విశేషం

మొక్కజొన్నలోని నయాసిన్ అనే బి3 విటమిన్ చాలావరకు ఇతర పదార్థాలతో బంధింపబడి ఉండుటచేత శరీరానికి అందదు. గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బినచో ఆ బంధం వీడుతుంది. కాల్షియం పెరుగుతుంది. పిండికి జిగి కలుగుతుంది. ఐరోపావారు అమెరికా ఖండాలనుండి ఈ పంటను తెచ్చుకొన్నారేగాని, ఈ పద్ధతిని తెచ్చుకొనలేదు. తత్ఫలితంగా ఉత్తర ఇటలీలోను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను మొక్కజొన్నే ఆధారంగా బ్రతికిన పేదలు పెల్లాగ్రా వ్యాధి పాలైనారు. చర్మం నల్లబడి పగులుట, విరేచనాలు, మతిభ్రమణం దీని లక్షణాలు. దక్కను పీఠభూమిలో జొన్నపైనే ఆధారపడిన పేదలలోనూ ఈ వ్యాధి కనిపించింది. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ ఇందుకు కారణం కావచ్చునని హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు.

పూర్ణం, నంజు

ఉడికించి మెదిపిన ఎర్ర చిక్కుడు గింజలు, చీజ్, మెత్తగా నూరిన పంది మాంసం, లోరోకో అనే తీగ మొగ్గలు పూర్ణంగా వాడతారు. మొక్కజొన్న మాంసకృత్తులలో లైసిన్ కొరత. చిక్కుడు గింజలు ఆ కొరతను తీరుస్తాయి, పీచునూ ఇస్తాయి. నంజుకొనే కుర్టిడో అనే క్యాబేజీ ఊరగాయలోని సి విటమిన్, గింజలలోని ఇనుమును శరీరం గ్రహించుటకు తోడ్పడుతుంది.

జాగ్రత్త

చీజ్, పంది మాంసం నింపినచో కొవ్వు, ఉప్పు హెచ్చుతాయి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి చిక్కుడు గింజల పూర్ణమే మేలు. అంగడిలో దొరికే సాధారణ మొక్కజొన్న పిండికి సున్నపు సంస్కారం ఉండదు. కనుక పై గుణాలు దానికి రావు. మొక్కజొన్న రొట్టెగాని, జొన్నరొట్టెగాని ప్రధానాహారమైన ఇంట పప్పు, ఆకుకూర, పాలు లేదా మజ్జిగ తప్పక తోడుండవలెను. ఒకే ధాన్యంతో కడుపు నిండునేగాని పోషణ నిండదు.