సాక్ష్య నిరాకరణ

కోర్టు పిలిచినా రాకపోవడం, వచ్చినా ప్రమాణం చేయనని మొరాయించడం, ప్రమాణం చేసి కూడా ప్రశ్నకు జవాబివ్వకపోవడం: సాక్ష్య నిరాకరణకు ఉన్న మూడు రూపాలివి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు కోర్టు వాయిదాను ‘పేషీ’ అంటారు. పేషీకి పోతే సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడికి ఆ రోజు కూలి పోయినట్టే. కోరుట్ల చుట్టుపక్కల పల్లెల్లోనైతే సాక్షి ఏ దుబాయిలోనో ఉండవచ్చు.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, సమన్లు అందినా కావాలని కోర్టుకు రానివారికి ఆరు నెలల వరకు సాధారణ జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు (208వ సెక్షన్). ప్రమాణం చేయనన్నా, జవాబు చెప్పనన్నా జైలు అంతే, జరిమానా మాత్రం 5,000 దాకా (213, 214). భారతీయ నాగరిక సురక్షా సంహిత 388వ సెక్షన్‌ది వేరే దారి. సరైన కారణం లేకుండా నోరు విప్పని సాక్షిని ఏడు రోజుల వరకు నిర్బంధించవచ్చు; మధ్యలో చెబుతానంటే వదిలేస్తారు. తాళంచెవి సాక్షి నోట్లోనే ఉందన్నమాట.

భార్యాభర్తల మధ్య నడిచిన మాటలకు, కక్షిదారు వకీలుకు చెప్పుకున్న విషయాలకు చట్టం రక్షణ ఇస్తుంది. ‘జవాబిస్తే నామీదికే వస్తుంది’ అన్న సాకు మాత్రం చెల్లదు. అయితే బలవంతాన చెప్పించిన ఆ జవాబును, అది అబద్ధమైతే తప్ప, ఆ సాక్షి మీద నేర రుజువుగా వాడకూడదు.

నిజానికి బోనెక్కి ‘చెప్పను’ అనేవాళ్లు అరుదు. ‘నాకేం యాదికి లేదు సార్’ అనేవాళ్లే ఎక్కువ. అప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) ఆ సాక్షిని ఎదురు తిరిగినట్టు ప్రకటించమని అడిగి, అడ్డుప్రశ్నలు వేస్తారు. అంతమాత్రాన ఆ సాక్ష్యం మొత్తం చెత్తబుట్ట పాలు కాదని సుప్రీంకోర్టు భగవాన్ సింగ్ కేసులో చెప్పింది. తెలిసి అబద్ధమాడితే శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో పదేపదే మాట మార్చిన సాక్షి జహీరా షేక్‌కు 2006 మార్చిలో కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు పడింది.

మౌనం వెనుక ఎక్కువసార్లు ఉండేది భయమే. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక, ఇటు పోలీసులు, అటు నక్సలైట్ దళాల నడుమ నలిగిన పల్లెలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. అలా భయపడే సాక్షి, 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రమాదం ఎంతుందో పోలీసులు ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఇక దుబాయి సాక్షి సంగతంటారా, వీడియో ద్వారా సాక్ష్యం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లోనే తేల్చింది.