దోర్నకల్ గురువిద్య

దోర్నకల్ ఆంగ్లికన్ అధ్యక్ష మండలంలో తెలుగు సంఘ కాపరులను తయారుచేసిన శిక్షణ విధానం. దోర్నకల్ నేడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) 1909లో మిషనరీగా ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

పల్లెల్లో మాల, మాదిగ కుటుంబాలు పెద్దసంఖ్యలో బాప్తిస్మం పొందుతుంటే, వారిని నడిపేందుకు విదేశీ మిషనరీలు చాలరని అజరయ్య గ్రహించారు. ఊరి బడిలో పాఠం చెబుతూ, ఆరాధన నడుపుతూ రాటుదేలిన ఉపాధ్యాయుల నుంచే గురువులను, అంటే సంఘ కాపరులను, ఎంచుకున్నారు. బోధన తెలుగులో సాగేది. అభ్యర్థుల భార్యలకూ చదువు చెప్పేవారు. ఈ విధానంలో అన్నిటికన్నా దూరదృష్టి గల అంశం ఇదే: ఊళ్లో స్త్రీల మధ్య పనిచేయవలసింది వారే. తరతరాలుగా అక్షరానికి దూరంగా ఉంచిన ఇళ్ల నుంచి బోధకులు, గురువులు రావడం సామాన్యమైన మార్పు కాదు.

1947లో ఈ మండలం దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. గురువుల శిక్షణ కోసం 1964లో పలు సంఘాలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించాయి.