గని మూసిన పిదప



గనులు త్రవ్వినవారి చరిత్ర మనకు బహుగ్రంథములలో లభించును. ఏ రాజు కాలమున ఏ రత్నము దొరకెనో, ఏ కంపెనీవారు ఎంత బంగారము తీసిరో బడిలో పిల్లలకు నేనును ముప్పది యేండ్లు చెప్పితిని. కాని గనిని విడిచిపోయినవారి చరిత్ర వ్రాసినవారు అరుదు. నేడు మీకు విన్నవింపదలచినది ఆ రెండవ చరిత్ర.

పర్చూరు సీమ నల్లరేగడి నేల. ఇక్కడ ప్రత్తియు మిరపయు పండునుగాని గనులు లేవుగదా, మనకీ ప్రసంగముతో పనియేమి యని మీరడుగవచ్చును. పడమట బల్లికురవ కొండలు, నైరృతిమూల చీమకుర్తి గుంటలు మనకెంతో దూరమున లేవు. ఆ రాళ్లు మోసికొనిపోవు లారీలను చూడనివారు మనలో లేరు.

మొదట ప్రాచీనుల మాట. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున ఆకరాధ్యక్షుడను అధికారిని గూర్చి ఒక అధ్యాయమే వ్రాసెను. ఆకరమనగా గని. ధనాగారమునకు గనియే పుట్టినిల్లని ఆయన మతము. పూర్వము త్రవ్వి విడిచిన గనిని కనుగొనుటకు ఆయన చెప్పిన గుర్తులు గమనింపదగినవి: లోహకిట్టము, మూసలు, బొగ్గులు, బూడిద. అనగా ఆనాటికే మన దేశమున విడిచిన గనులు కలవు. వాని చుట్టును ఎత్తిపోసిన చెత్త తరతరములు నిలిచి, వెదకువానికి దారి చూపుచుండెను. గని మూసినంతమాత్రమున దాని కథ ముగియదనుటకు ఇంతకంటె పాతసాక్ష్యము వేరేల?

ఇక మన గుంటూరు సీమ కథ. కృష్ణ యొడ్డున పల్నాటిలోని కొల్లూరు వజ్రములకు జగత్ప్రసిద్ధమై యుండెను. కోహినూరు అక్కడిదేయని పలువురి నమ్మకము. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చి, స్త్రీలు, పురుషులు, బాలురు కలిసి 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. గుంటలు పది పండ్రెండడుగులు, మహా యైన పదునాలుగడుగులు దిగునట. నీటి ఊట తగిలినచో అంతటితో ఆపుదురట. వజ్రములు తగ్గెను, జనము చెదరెను. పిమ్మట శతాబ్దముల తరబడి అక్కడ మిగిలినవి గుంటలును రాళ్లకుప్పలునే. తుదకు పులిచింతల జలాశయము ఆ తావును తన నీటిలో కలుపుకొన్నది. అరువదివేల జనము బ్రదికిన చోటు ఒక ఊరుగా నిలువలేకపోయినది. చేతిపారలతో త్రవ్విన గుంటలు లోతు తక్కువవి గనుక అపకారమును తక్కువయే. ఆవిరియంత్రము వచ్చిన తరువాత సంగతి వేరు.

కోలారు బంగారుగనులు మైసూరు సీమలోనివైనను అచ్చటి కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును విస్తారముగా నుండిరి. 1880లో జాన్ టేలరు కంపెనీవారు అక్కడ పని ఆరంభించిరి. 1902లో శివసముద్రపు జలపాతమునుండి విద్యుచ్ఛక్తి ఆ గనులకు చేరెను. గోతులు మూడు కిలోమీటరులకు మించి దిగినవి. నూటయిరువది యేండ్లలో 800 టన్నులకు పైబడి బంగారము వెలికివచ్చినది. ఖర్చు రాబడిని మించగా 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను.

బంగారమెక్కడికో పోయినది, మిగిలినదేమి? ముడిరాతిని పిండిగా నూరి, సైనైడు ద్రవమున బంగారము కరగించి తీయుట అచ్చటి పద్ధతి. అట్లు మిగిలిన పిండిని ఊరి ప్రక్కనే దిబ్బలుగా పోసిరి. మూడుకోట్ల టన్నులకు పైబడిన ఆ దిబ్బలను జనము నేటికిని సైనైడు దిబ్బలనియే పిలుచుచున్నారు. గాలి వీచినపుడు ఆ సన్నదుమ్ము ఇండ్లమీద వ్రాలును. కంపెనీ యిండ్లలో కాపురముండి, దాని వైద్యశాలను, దాని నీటినే నమ్మిన వేలకొలది కుటుంబములవారు పొట్టకూటికై దినదినము రైలులో బెంగుళూరికి పోయి రావలసినవారైరి. గని తెరచినపుడే మూసివేత గూర్చి తలచినవారు లేరు. మూసిన నాడు తలచుటకు డబ్బు లేదు.

గని విడుచునవి మూడు: గుంట, దిబ్బ, నీరు. గుంటకు కంచె లేనిచో పశువులును పిల్లలును పడుదురు. దిబ్బ వానకు నాని జారును, ఎండకు ధూళియై లేచును. గంధకము కలిసిన రాళ్లకు గాలియు నీరును సోకినచో ఆమ్లము పుట్టి, ఊటతో కలిసి బావులకు చేరవచ్చును. ఈ మూడును గని నడచునపుడే సరిచూచుకొనిన స్వల్పవ్యయముతో పోవును. యజమాని వెడలిపోయిన పిదపనైన ఊరివారి నెత్తిన పడును.

దిబ్బను అలక్ష్యము చేసినచో నేమగునో సీమదేశమున వేల్సు ప్రాంతపు అబర్‌ఫాన్ గ్రామము చెప్పును. బొగ్గుగని చెత్తను ఊరిపైనున్న కొండమీద, నీటి ఊటలపైననే కుప్పవోసిరి. 1966 అక్టోబరు 21వ తేదీ ఉదయమున ఆ దిబ్బ జారి బడిమీద పడెను. మరణించినవారు 144 మంది. అందులో 116 మంది పిల్లలు. బడిపంతులునైన నాకు ఈ లెక్కను చదువుటయే కష్టము. మూడేండ్లకు, 1969లో, అచ్చట గనిదిబ్బల భద్రతకై ప్రత్యేకశాసనము చేసిరి. ప్రాణములు ముందు పోయి శాసనము వెనుక వచ్చుట అనేకదేశముల ఆచారమే.

మన దేశమున గనుల శాసనము 1957లోనే కలదుగాని, మూసివేత ప్రణాళిక విధిగా నుండవలెనను నియమము 2003లో వచ్చినది. కోలారు అప్పటికి రెండేండ్లక్రిందటనే మూతపడినది! ఈ నియమముచే యజమాని గని తెరచునపుడే, తరువాత దానినెట్లు మూయునో వ్రాసి ఆమోదము పొందవలెను. ఎప్పటికప్పుడు దానిని సవరించుచుండవలెను. మాట తప్పకుండుటకు పూచీసొమ్ము కట్టవలెను. పెద్దగనులకు హెక్టారు ఒక్కింటికి 2003లో 25,000 రూపాయలుగా నుండిన ఆ పూచీ, 2017లో మూడులక్షలు, 2021లో అయిదులక్షలు ఆయెను. 2020 జనవరిలో సుప్రీముకోర్టు, త్రవ్వి ముగించిన నేలపై తిరిగి పచ్చిక మొలిపించు బాధ్యతను లీజుల షరతులలో చేర్పవలెనని కేంద్రప్రభుత్వమును ఆదేశించెను.

ఇందు క్రొత్తదనమేమియు లేదు. మన సీమలో పొలము కౌలుకిచ్చినవాడు గడువు తీరునాటికి ప్రత్తిమోళ్లు పీకి, గట్లు సరిచేసి అప్పగింపుమని అడుగడా? గని కౌలుదారునకును ఆ ధర్మమే.

అయితే గ్రానైటును శాసనము చిన్నఖనిజముగా నెంచి, దాని అధికారమును చాలవరకు రాష్ట్రములకు విడిచినది. 1999 నాటి గ్రానైటు నియమములలో పైమట్టిని వేరుగా దాచుట, త్రవ్వి ముగించిన నేలను బాగుచేయుట చెప్పబడియే యున్నవి. కాని నియమము కాగితముపై నుండుట వేరు, కొండమీద నుండుట వేరు. 2025 ఆగస్టు 3వ తేదీన బల్లికురవ యొద్ద ఒక క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు కూలీలు మరణించిరి. ఒడిశానుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవారు వారు. నడచుచున్న గనిలోనే ప్రాణమునకు కాపు లేనిచో, విడిచిన గనిలో కాపెవ్వరు?

పెద్దలారా, నేను గనులు వలదనుటలేదు. రాయి లేక ఇల్లు లేదు, ఇనుము లేక నాగలి లేదు. నేను కోరునది ఒక్కటే. పెద్ద గనులు తెరచుటకు ముందు ప్రజాభిప్రాయసేకరణ సభ జరుపవలెనని నియమము కలదు. ముప్పదిదినముల ముందు ప్రకటన చేయవలెను, నివేదిక సారాంశము ప్రాంతీయభాషలో అందుబాటున నుంచవలెను. ఆ సభలలో ఉద్యోగములెన్ని, రోడ్లెన్ని యని మాత్రమే అడిగి తిరిగివచ్చుట మన వాడుక. ఇకమీద మరి నాలుగు ప్రశ్నలడుగుడు. గుంట లోతెంత, తుదకు దానినేమి చేయుదురు? దిబ్బ ఎక్కడ పోయుదురు, వాననీరు దానినుండి ఏ వాగులోనికి దిగును? పైమట్టి ఎక్కడ దాచుదురు? పూచీసొమ్ము ఎంత, ఎవరియొద్ద నున్నది? జవాబును గ్రామపంచాయతి పుస్తకమున వ్రాయించుడు. మనము పోవుదుము, అధికారులు మారుదురు, వ్రాత నిలుచును. కల్లములో మిరపకాయ లారబోయు మన మనుమలు, పైనుండి వ్రాలు దుమ్మెక్కడిదని ఒకనాడు అడిగినచో, ఆ పుస్తకము తెరచి చూపుటకు వీలుండవలెను.

ఇంతటితో విరమించుచున్నాను.