మూడో పక్షం మనుగడ: మేడ్చల్ ప్రాంత ఎన్నికల చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
రెండు ప్రధాన పక్షాలు రాజకీయ రంగాన్ని ఆక్రమించుకున్న చోట బలమైన మూడో పక్షం అవసరమా, సాధ్యమా అన్న చర్చ అమెరికాలో శతాబ్దానికి పైగా సాగుతున్నది. తెలుగునాట ఆ ప్రశ్నకు ఆచరణలో పలుమార్లు సమాధానాలు వచ్చాయి. తెలంగాణ ప్రజా సమితి, నవ తెలంగాణ పార్టీ, ప్రజారాజ్యం, తెలంగాణ రాష్ట్ర సమితి అనుభవాలను మేడ్చల్, కుత్బుల్లాపూర్ నియోజకవర్గాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడో పక్షానికి ఓట్లు సంపాదించడం కంటే, సంపాదించిన తరువాత విడిగా నిలవడమే కష్టమైందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూడో పక్షం, తెలంగాణ ప్రజా సమితి, నవ తెలంగాణ పార్టీ, ప్రజారాజ్యం, విలీనం, మేడ్చల్, దూలపల్లి.

1. ప్రవేశిక

హైదరాబాదుకు ఉత్తరాన, కొంపల్లికి ఆనుకొని ఉన్న దూలపల్లి అటవీ శిక్షణ అకాడమీ వల్ల రాష్ట్రమంతటా ఎరిగిన పేరు. ఎన్నికల చరిత్రలో దాని స్థానం అంతగా చర్చకు రాలేదు. ఈ గ్రామమున్న కుత్బుల్లాపూర్ ప్రాంతం 2009 వరకు మేడ్చల్ శాసనసభ నియోజకవర్గంలో భాగం. పునర్విభజన తరువాత కుత్బుల్లాపూర్ వేరు నియోజకవర్గమైంది. మూడో పక్షాల చరిత్ర రాసేవారికి మేడ్చల్ ముఖ్యం కావడానికి ఒక కారణముంది. తెలంగాణ పేరుతో వెలసిన రెండు పక్షాల నాయకులు, మర్రి చెన్నారెడ్డి, తూళ్ల దేవేందర్‌గౌడ్, వేర్వేరు కాలాల్లో ఇక్కడి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. అయితే ఇద్దరూ ఇక్కడ గెలిచింది తమ సొంత పక్షం తరఫున కాదు, ప్రధాన పక్షాల తరఫున. చెన్నారెడ్డి తన పక్షాన్ని కాంగ్రెస్‌లో కలిపిన తరువాత గెలిచారు. దేవేందర్‌గౌడ్ సొంత పక్షం పెట్టకముందు గెలిచారు.

2. అమెరికా నమూనా

ఒక నియోజకవర్గానికి ఒకే ప్రతినిధి, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత అన్న పద్ధతి రెండు పక్షాల వ్యవస్థకు దారితీస్తుందని ఫ్రెంచి రాజనీతివేత్త మారిస్ దువెర్జే 1951లో సిద్ధాంతీకరించాడు. అమెరికా చరిత్ర అందుకు చాలావరకు సాక్ష్యమిస్తుంది. 1912లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున నిలిచి 27 శాతం ఓట్లు, 88 ఎలక్టోరల్ ఓట్లు సాధించాడు. అధికారంలో ఉన్న టాఫ్ట్‌ను మూడో స్థానానికి నెట్టినా గెలిచింది డెమోక్రటిక్ అభ్యర్థి విల్సన్. 1992లో రాస్ పెరో సుమారు 19 శాతం ఓట్లు పొందినా ఒక్క ఎలక్టోరల్ ఓటూ దక్కలేదు. 1854లో పుట్టి 1860లోనే లింకన్‌ను అధ్యక్షుణ్ణి చేసిన రిపబ్లికన్ పార్టీ ఇందుకు మినహాయింపుగా కనిపిస్తుంది. కానీ అప్పటికే విగ్ పార్టీ కూలిపోతున్నది. ఖాళీ అయిన చోటును అది నింపింది.

చరిత్రకారుడు రిచర్డ్ హాఫ్‌స్టాటర్ మూడో పక్షాలను ఒకసారి కుట్టి ప్రాణం విడిచే తేనెటీగలతో పోల్చాడు. వాటి నినాదాలను పెద్ద పక్షాలు స్వీకరిస్తాయి, అవి అంతరిస్తాయి అన్నది ఆ పోలికలోని భావం. 1890లలో రైతుల పక్షమైన పాపులిస్టుల గతి అదే. 1896లో వారు డెమోక్రటిక్ అభ్యర్థి బ్రయాన్‌నే తమ అభ్యర్థిగా అంగీకరించారు. ఆపైన కోలుకోలేదు. తెలుగునాటి అనుభవం ఈ పోలికకు కొంతవరకు సరిపోతుంది, పూర్తిగా సరిపోదు.

3. తెలంగాణ ప్రజా సమితి: గెలుపు, విలీనం

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నుంచి తెలంగాణ ప్రజా సమితి పుట్టింది. తొలిదశలో న్యాయవాది మదన్‌మోహన్ నాయకత్వం వహించగా, అదే ఏడాది చెన్నారెడ్డి పగ్గాలు చేపట్టారు. అంతకుముందు కేంద్రమంత్రిగా ఉన్న చెన్నారెడ్డి 1967 నాటి తన ఎన్నిక చెల్లదన్న తీర్పు కారణంగా 1968లో పదవి కోల్పోయారు. ఆరేళ్లు పోటీకి అనర్హులయ్యారు. అంటే సమితి నాయకుడు తాను పోటీ చేయలేని స్థితిలో పక్షాన్ని నడిపారు. 1970లో సిద్దిపేట ఉపఎన్నికలో మదన్‌మోహన్ గెలిచారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా ఇందిరాగాంధీ ప్రభంజనం వీచింది. ఆ గాలిలోనూ తెలంగాణలోని 14 స్థానాల్లో 10 సమితికి దక్కాయి.

ఈ ఫలితం దువెర్జే సూత్రానికి విరుద్ధం కాదు. ఓటర్లు రాష్ట్రమంతటా పలచగా పరుచుకొని ఉంటే మూడో పక్షానికి నష్టం. ఒక ప్రాంతంలో చిక్కగా కేంద్రీకృతమైతే ఆ ప్రాంతంలో అది మూడోది కాదు, మొదటిదే. సమితి బలం అక్కడిది. బలహీనతా అక్కడిదే: 10 మంది సభ్యులతో ఢిల్లీలో పెద్ద మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని ఒత్తిడికి గురిచేయడం సాధ్యం కాదు.

1971 సెప్టెంబరులో సమితి కాంగ్రెస్‌లో విలీనమైంది. కాసు బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేశారు. తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. నాయకత్వ మార్పును విజయంగా చూపే వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని కొట్టిపారవేయనక్కరలేదు. 1956 తరువాత తెలంగాణ నాయకుడు ఆ పీఠమెక్కడం అదే మొదటిసారి.

కానీ విలీనం అసలు ధర రెండేళ్ల తరువాత తెలిసింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. దానికి వ్యతిరేకంగా జై ఆంధ్ర ఉద్యమం రేగింది, పి.వి. పదవి నుంచి తప్పుకున్నారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో కుదిరిన ఆరు సూత్రాల పథకం కింద ముల్కీ నిబంధనలు, తెలంగాణ ప్రాంతీయ సంఘం రెండూ రద్దయ్యాయి. 1969లో ఏ రక్షణల అమలు కోసం విద్యార్థులు రోడ్డెక్కారో ఆ రక్షణలే తొలగుతున్నప్పుడు, 1971లో 10 స్థానాలు గెలిచిన పక్షం బేరసారాల బల్ల దగ్గర లేదు. దాని సభ్యులు సంతకాలు పెట్టే పక్షంలో ఉన్నారు. సమితి విడిగా నిలిచి ఉంటే రద్దు ఆగేదని చెప్పలేం. అయితే ఆ నిర్ణయానికి తెలంగాణ పేరుతో ఎన్నికైన ప్రతిపక్షం నుంచి సభలో అభ్యంతరం నమోదయ్యేది. చరిత్రలో నమోదుకు కూడా విలువ ఉంది.

4. మేడ్చల్, 1978

అనర్హత గడువు ముగిసిన చెన్నారెడ్డి 1978 ఎన్నికల్లో మేడ్చల్ నుంచి ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. ఆ పక్షం అప్పటికి కొన్ని వారాల వయసుదే. 294 స్థానాల్లో 175 సాధించింది. జనతా పార్టీకి 60, రెడ్డి కాంగ్రెస్‌కు 30 వచ్చాయి. కొత్త పక్షం గెలుపుగా దీన్ని లెక్కించరాదు. పేరు కొత్తదైనా ఇందిరాగాంధీ పలుకుబడి, గ్రామస్థాయి కార్యకర్తలు పాతవే. మార్చిలో చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణ ప్రజా సమితి అధినేత సమైక్య రాష్ట్రానికి ముఖ్యమంత్రి కావడం ఆయన వ్యక్తిగత ప్రతిభకు నిదర్శనం. పక్షం మాట వేరు: నాయకుడు పీఠమెక్కేనాటికి అది లేదు.

తెలుగునాట కాంగ్రెస్‌కు దీటైన రెండో పక్షం 1983లో గాని ఏర్పడలేదు. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు స్థాపించిన తెలుగుదేశం సుమారు తొమ్మిది నెలల్లోనే 200కు పైగా స్థానాలు గెలిచింది. దానికి ముందు ప్రతిపక్షం చీలికలు పేలికలుగా ఉండేది గనుక, రిపబ్లికన్ పార్టీ మాదిరిగానే తెలుగుదేశం కూడా ఖాళీ చోటును నింపిన పక్షమనడం ఉచితం. 1983 తరువాతే ‘మూడో పక్షం’ అన్న మాటకు రాష్ట్రంలో నిర్దిష్టమైన అర్థం ఏర్పడింది.

5. 2008–2009: రెండు ప్రయోగాలు

దేవేందర్‌గౌడ్ 1994, 1999, 2004లలో మేడ్చల్ నుంచి తెలుగుదేశం తరఫున గెలిచారు. చంద్రబాబు నాయుడు మంత్రివర్గంలో హోంమంత్రిగా పనిచేశారు. తెలంగాణ విషయంలో పార్టీ స్పష్టమైన వైఖరి తీసుకోవడం లేదంటూ 2008లో బయటకు వచ్చి నవ తెలంగాణ పార్టీ స్థాపించారు. అదే ఏడాది అక్టోబరులో తెలుగుదేశం తెలంగాణ ఏర్పాటుకు అనుకూలమని ప్రకటించింది. ఈ మార్పుకు ఆయన నిష్క్రమణ ఒక్కటే కారణం కాదు. తెలంగాణ రాష్ట్ర సమితితో పొత్తు అవసరమూ ఉంది. కానీ నినాదాన్ని పెద్ద పక్షం ఎత్తుకున్నాక చిన్న పక్షానికి చోటు ఎంత త్వరగా కరుగుతుందో నవ తెలంగాణ పార్టీ కొద్ది నెలల జీవితం చూపుతుంది. 2009 ఫిబ్రవరిలో అది ప్రజారాజ్యంలో విలీనమైంది. ఆ ఎన్నికల్లో ప్రజారాజ్యం అభ్యర్థిగా మల్కాజిగిరి లోక్‌సభకు, ఇబ్రహీంపట్నం శాసనసభకు పోటీ చేసిన దేవేందర్‌గౌడ్ రెండు చోట్లా ఓడిపోయారు. తరువాత తిరిగి తెలుగుదేశంలో చేరారు. మూడో పక్షంలో కలిసిపోయిన మూడో పక్షం చరిత్రలో అరుదు.

2008 ఆగస్టు 26న తిరుపతిలో చిరంజీవి ప్రారంభించిన ప్రజారాజ్యం గణాంకాలు మరింత ఆలోచింపజేస్తాయి. 2009లో దానికి సుమారు 16 శాతం ఓట్లు వచ్చాయి. స్థానాలు 18, అంటే సభలో 6 శాతం. అందులో తెలంగాణవి నిర్మల్, బాల్కొండ. కాంగ్రెస్ 37 శాతానికి లోపు ఓట్లతో 156 స్థానాలు, అంటే సగానికి మించి పొందింది. దీనికి ఎదురుగా తెలంగాణ రాష్ట్ర సమితిని నిలిపి చూడాలి. 2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న ఆ పక్షం రాష్ట్రమంతటా లెక్కిస్తే 7 శాతం లోపు ఓట్లతోనే 26 స్థానాలు గెలిచింది. ప్రజారాజ్యానికి వచ్చిన ఓట్లలో సగమైనా రాని పక్షానికి ఎక్కువ స్థానాలు దక్కాయంటే కారణం ప్రాంతీయ కేంద్రీకరణ, పొత్తు. వీటిలో ఏ ఒక్కటీ ప్రజారాజ్యానికి లేదు.

ప్రజారాజ్యం ప్రభుత్వ వ్యతిరేక ఓటును చీల్చి కాంగ్రెస్‌ను గట్టెక్కించిందన్న వాదం తరచూ వినిపిస్తుంది. విల్సన్ గెలుపు గురించి అమెరికాలోనూ ఇదే మాట అంటారు. ఈ వాదానికి ఒక లోపం ఉంది. ప్రజారాజ్యం లేకపోతే ఆ ఓటర్లంతా తెలుగుదేశానికే వేసేవారని అది ముందే ఊహిస్తుంది. రెండు పక్షాలనూ నిరాకరించిన ఓటరును రెండింటిలో ఒకదాని సొత్తుగా లెక్కించడం న్యాయం కాదు. మేడ్చల్ నుంచి కొత్తగా విడివడిన కుత్బుల్లాపూర్‌లో అదే 2009లో స్వతంత్ర అభ్యర్థి కూన శ్రీశైలంగౌడ్ గెలిచారు. పక్కనున్న కూకట్‌పల్లిలో లోక్‌సత్తా పార్టీ తన ఏకైక శాసనసభ స్థానాన్ని జయప్రకాశ్ నారాయణ ద్వారా సాధించింది. శివారు ఓటరు ఆ ఎన్నికలో రెండు ప్రధాన పక్షాల బయట వెతికాడనడానికి ఇవి చాలు. దామాషా పద్ధతి ప్రాతినిధ్యం కావాలని లోక్‌సత్తా వాదించడంలో ఔచిత్యమూ ఇక్కడే తెలుస్తుంది.

ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో విలీనమైంది. నలభై ఏళ్ల తరువాత తెలంగాణ ప్రజా సమితి దారే మళ్లీ. తేడా ఒక్కటే: 1971 విలీనానికి ఒక ముఖ్యమంత్రి మార్పు ప్రతిఫలంగా చూపగలిగారు.

6. విలీనం, పొత్తు: అసలు తేడా

2001 ఏప్రిల్ 27న పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుంది. రెండోసారి 10 స్థానాలకు పడిపోయింది. ఆ దెబ్బకు విలీనమైపోయి ఉంటే ఆశ్చర్యపడేవారు తక్కువ. కానీ అది జెండాను, గుర్తును, కార్యాలయాలను వదులుకోలేదు. రెండు పెద్ద పక్షాలతోనూ కలిసి నడిచి, రెండింటి నుంచీ విడిపోయే హక్కును దగ్గర ఉంచుకుంది. 2014లో తెలంగాణలోని 119 స్థానాల్లో 63 గెలిచింది. తేనెటీగ పోలిక సరిపోనిది ఇక్కడే.

అయితే ఈ విజయగాథకు రెండో అధ్యాయం ఉంది. విలీనాన్ని నిరాకరించి బతికిన పక్షమే అధికారంలోకి వచ్చాక ఇతరుల విలీనాన్ని ఆయుధం చేసుకుంది. 2014లో కుత్బుల్లాపూర్ ఓటర్లు తెలుగుదేశం గుర్తుపై కె.పి. వివేకానందను గెలిపించారు, 2016లో ఆయన తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరారు. రాష్ట్రంలో తెలుగుదేశం శాసనసభ్యులలో అధికుల దారి ఆ కాలంలో అదే. 2019లో 18 మంది కాంగ్రెస్ సభ్యులలో 12 మంది అధికారపక్ష శాసనసభా పక్షంలో విలీనమయ్యారు. మూడో పక్షం సంగతి అటుంచి, రెండో పక్షమే సభలో మిగలని స్థితి ఏర్పడింది.

ఇందుకు చట్టమే దారి ఇచ్చింది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు మూడింట ఒక వంతు చీలికను, మూడింట రెండు వంతుల విలీనాన్ని అనుమతించింది. 2003లో 91వ సవరణ చీలిక మినహాయింపును తీసివేసింది. విలీన మినహాయింపును ఉంచింది. ఫలితంగా చిన్న పక్షానికే ముప్పు ఎక్కువ. ముగ్గురు సభ్యులున్న పక్షానికి ఇద్దరిని లాగితే చాలు. అమెరికాలో మూడో పక్షం ఎన్నికల ముందే ఆగిపోతుంది: అభ్యర్థుల పేర్లు బ్యాలెట్‌పై చేర్చే నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉండి, సంతకాల సేకరణలోనే దాని శక్తి హరించుకుపోతుంది. ఇక్కడ పోటీ సులభం, గెలుపూ అసాధ్యం కాదు. ప్రమాదం గెలిచిన తరువాత మొదలవుతుంది.

మల్కాజిగిరి లోక్‌సభ ఓటర్లు 2009లో కాంగ్రెస్‌ను, 2014లో తెలుగుదేశాన్ని, 2019లో మళ్లీ కాంగ్రెస్‌ను, 2024లో భారతీయ జనతా పార్టీని గెలిపించారు. దూలపల్లి ఈ నియోజకవర్గంలోనే ఉంది. నాలుగు ఎన్నికల్లో మూడు పక్షాలకు అవకాశమిచ్చిన ఈ ఓటర్లు ఏ పక్షానికీ కట్టుబడి లేరు. శాసనసభలో మాత్రం వారి ఓటు ఏ పక్షం ఖాతాలో ఉండాలన్నది రెండు ఎన్నికల నడుమ సభ్యులు, స్పీకరు తేల్చుకునే విషయంగా మారింది. పదో షెడ్యూలులోని నాలుగో పేరా ఉన్నంత కాలం, ఆ విలీనానికి ఓటర్ల సమ్మతి కోరవలసిన పని ఎవరికీ లేదు.